గీత పడితే చెప్పాలా, వద్దా?

2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో విమానం కూలిన తర్వాత చాలా రోజులు మా క్యాంపులో ఒకటే ముచ్చట. తప్పెవరిది? హాలియా నుంచి మా బావ ఫోన్ చేసినా అదే, అచ్చంపేట రూమ్మేట్‌కు వాళ్ల నాన్న ఫోన్ చేసినా అదే. గల్ఫ్‌లో ఒక విమానాశ్రయంలో పనిచేస్తున్నాను కాబట్టి నాకు లోపలి సంగతులు తెలుస్తాయని వాళ్ల నమ్మకం. నాది ర్యాంపు డ్యూటీ, అంటే విమానాలు ఆగే చోట పని. విమానం వచ్చి ఆగగానే కదలకుండా చక్రాలకు చాక్స్ (అడ్డు దిమ్మలు) పెట్టాలి, చుట్టూ కోన్లు పెట్టాలి, బెల్ట్ లోడర్, అంటే సామాను ఎక్కించి దించే బెల్టు బండి, ఆనించి సామాను దించాలి, మళ్లీ ఎక్కించాలి. కాక్‌పిట్‌లో ఏం జరిగిందో మాకేం తెలుస్తుంది? అయితే ప్రమాదం జరిగితే ఎవరికి చెప్పాలి, ఎంత తొందరగా చెప్పాలి, దర్యాప్తు ఎవరు చేస్తారు అనేది మాత్రం ఉద్యోగంలో చేరగానే క్లాసులో కూర్చోబెట్టి చెప్పారు. అందులో ఒక నిబంధన నా మనసులో నాటుకుపోయింది. విమాన ప్రమాద దర్యాప్తు ఉద్దేశం ఇలాంటి ప్రమాదం మళ్లీ జరగకుండా చూడడం ఒక్కటే. ఎవరి తప్పో తేల్చడం, శిక్ష వేయడం ఆ దర్యాప్తు పని కాదు.

ఇది ఏ ఒక్క దేశం పెట్టుకున్న నియమమూ కాదు. 1944లో చికాగోలో యాభైకి పైగా దేశాలు కూర్చుని చేసుకున్న పౌర విమానయాన ఒప్పందం ఉంది. దానికి 13వ అనుబంధాన్ని 1951లో ఆమోదించారు. ప్రపంచంలో ఎక్కడ పౌర విమానం కూలినా దర్యాప్తు దాని ప్రకారమే నడుస్తుంది. ప్రమాదం ఏ దేశంలో జరిగితే ఆ దేశమే దర్యాప్తు మొదలుపెట్టాలి. విమానం రిజిస్టరైన దేశం, నడిపే సంస్థ దేశం, డిజైన్ చేసిన దేశం, తయారు చేసిన దేశం తమ ప్రతినిధులను పంపవచ్చు. పౌరులను పోగొట్టుకున్న దేశం కూడా ఒక నిపుణుడిని నియమించుకోవచ్చు. అహ్మదాబాద్ దర్యాప్తు మన దేశపు విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఏఏఐబీ చేతిలో ఉంటే, బోయింగ్ విమానం కాబట్టి అమెరికా వాళ్లు వచ్చారు. చనిపోయిన వాళ్లలో తమ పౌరులు చాలామంది ఉన్నారు కాబట్టి బ్రిటన్ వాళ్లు వచ్చారు. ఆ ప్రమాదంలో విమానంలోని 242 మందిలో ఒక్కరే బతికారు, నేల మీద ఉన్న 19 మంది కూడా పోయారు.

ప్రాథమిక నివేదిక 30 రోజుల్లో ఇవ్వాలనేది కూడా ఆ అనుబంధంలోని నియమమే. జూలై 12న అది వచ్చింది. టేకాఫ్ అయిన క్షణాల్లోనే రెండు ఇంజన్లకూ ఇంధనం అందించే స్విచ్‌లు ఒక సెకను తేడాతో రన్ నుంచి కటాఫ్‌కు, అంటే ఇంధనం ఆపేసే స్థితికి, మారాయని అందులో ఉంది. ఎందుకు ఆపావని ఒక పైలట్ అడగడం, తాను ఆపలేదని రెండో ఆయన అనడం కూడా ఉంది. ఎవరు ఆపారు, ఎలా ఆగాయి అనేది నివేదిక చెప్పలేదు. ఆ రాత్రే మన టీవీల్లో తీర్పులు వచ్చేశాయి. నాకు చాలా బాధ అనిపించింది. ఆ ఇద్దరు పైలట్లూ తిరిగి వచ్చి జవాబు చెప్పలేరు. తుది నివేదిక ఏడాదిలోపు ఇవ్వడానికి ప్రయత్నించాలి, కుదరకపోతే ఏటేటా దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో ప్రకటించాలి అని నియమం ఉన్నది ఇందుకే. నిజం తేలడానికి టైమ్ పడుతుంది.

తప్పు తేల్చడం వద్దంటే నేరస్తుడిని వదిలేయడం కాదా అని మా బావ కోపంగా అడిగాడు. పోలీసు కేసు, కోర్టు వేరుగా ఉంటాయి, వాటిని ఎవరూ ఆపలేదు. కానీ ప్రమాదం సంగతి అందరికన్నా ఎక్కువ తెలిసేది పైలట్‌కు, ఇంజనీర్‌కు, కంట్రోలర్‌కు, లోడర్‌కు. వాళ్లు దర్యాప్తు అధికారి ముందు చెప్పిన మాటే రేపు మెడకు ఉరి అవుతుందంటే ఎవరు నోరు విప్పుతారు? అందుకే కాక్‌పిట్ రికార్డింగులనూ, సాక్షుల వాంగ్మూలాలనూ మామూలుగా వేరే పనులకు ఇవ్వకూడదని ఆ అనుబంధం చెప్తుంది. ఇచ్చి తీరాల్సిన అవసరం ఉంటే సంబంధిత అధికార సంస్థ లాభనష్టాలు తూచి నిర్ణయించాలి.

పుస్తకంలో ఇది ఎంత బాగుంటుందో, ర్యాంపు మీద అంత కష్టం. ఎందుకంటే మనవాళ్లు ఇక్కడికి అప్పుతో వస్తారు.

మా షిఫ్టులో మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన ఒక తమ్ముడు ఉండేవాడు. ఏజెంటుకు కట్టిన డబ్బంతా మూడు రూపాయల మిత్తికి తెచ్చింది. ఒక రాత్రి అతను బెల్ట్ లోడర్‌ను వెనక కార్గో తలుపు దగ్గరికి తీసుకుపోతున్నాడు. ముందు నిలబడి చేయి చూపే మనిషి ఆ రోజు లేడు, టీమ్‌లో ఇద్దరు తక్కువ. లోడర్ కొన తలుపు గడప కింద తాకింది. చప్పుడు కూడా పెద్దగా రాలేదు. నేను వెళ్లి చూస్తే వేలెడంత నల్లటి గీత. అప్పటికే వాడు గ్లవ్ తీసి బొటనవేలితో రుద్దుతున్నాడు.

"అన్నా, రబ్బరు మరక గంతే. తుడిస్తె పోతది."

"తమ్మీ, చెయ్యి తియ్. తుడవకు. సూపర్‌వైజర్‌కు చెప్పు."

"వీసా క్యాన్సిల్ చేసి పంపిస్తరన్నా. మిత్తి ఎవలు కట్టాలె? ఇంటికాడ ఏం మొకం వెట్టుకోవాలె?"

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. అయినా రేడియోలో చెప్పించాను. ఇంజనీర్ వచ్చాడు, టార్చ్ అడ్డంగా పట్టి వెలుగు గీత మీదుగా పారేలా చూశాడు, గోటితో తడిమాడు, తర్వాత చిన్న పరికరంతో చుట్టూ తట్టుకుంటూ చెవి పెట్టి విన్నాడు. అలా తట్టడానికి కారణం ఉంది. పాత అల్యూమినియం బాడీ అయితే సత్తు గిన్నెకు సొట్ట పడినట్టు దెబ్బ పైకే కనిపిస్తుంది. ఇప్పటి బోయింగ్ 787 బరువులో సగం దాకా కాంపోజిట్, అంటే పొరలు పొరలుగా అతికించి చేసిన పదార్థం. పైన గీత మాత్రమే ఉండి లోపల పొరలు విడిపోవచ్చు. శబ్దం మొద్దుగా వస్తే లోపల దెబ్బ ఉందని అనుమానం. ఆ రాత్రి లోపల ఏమీ కాలేదని తేలింది. ఫ్లైట్ గంటకు పైగా ఆలస్యమైంది.

చెప్పకపోతే ఏమవుతుందో క్లాసులో చూపించిన ఉదాహరణ వాడికి ఆ తర్వాత నేనే చెప్పాను. 2005 డిసెంబర్ 26న అమెరికాలో సియాటిల్ విమానాశ్రయంలో ర్యాంపు మీద ఒక వాహనం అలస్కా ఎయిర్‌లైన్స్ ఎండీ-83 విమానాన్ని రాసుకుంది. తాకించిన మనిషి ఎవరికీ చెప్పలేదు. విమానం పైకి లేచి 26,000 అడుగుల ఎత్తుకు చేరాక అక్కడే బాడీకి అడుగు పొడవు, అరడుగు వెడల్పు రంధ్రం పడింది. క్యాబిన్‌లో ఒత్తిడి పోయింది, ఆక్సిజన్ మాస్కులు కిందికి వేలాడాయి. 140 మంది ప్రయాణికులు, ఐదుగురు సిబ్బంది. అదృష్టం బాగుండి పైలట్లు వెనక్కి తిప్పి క్షేమంగా దించారు. ముందే ఒక్కరు నోరు తెరిస్తే ఆ విమానం అసలు కదిలేదే కాదు.

మా తమ్ముడి విషయంలో రెండు విచారణలు జరిగాయి. మొదటిది సేఫ్టీ వాళ్లది. ఎన్ని గంటల నుంచి డ్యూటీలో ఉన్నావు, లైటు ఎలా ఉంది, చేయి చూపే మనిషి ఎందుకు లేడు, లోడర్ ముందుండే రబ్బరు బంపర్ ఎప్పటి నుంచి అరిగి ఉంది అని అడిగారు. ఫొటోలు తీసుకున్నారు. వారం తిరగకముందే బంపర్లు మార్చారు, మనిషి లేకుండా లోడర్ కదపొద్దని నోటీసు పెట్టారు. దర్యాప్తు అంటే అట్లా ఉండాలి. రెండోది మమ్మల్ని పనికి పెట్టిన కాంట్రాక్టు కంపెనీది. వాడి చేతికి ఇంగ్లీషులో వార్నింగ్ లెటర్ ఇచ్చి సంతకం పెట్టించుకున్నారు, ఆ నెల జీతంలో కోత పెట్టారు. మేం కొందరం సేఫ్టీ వాళ్ల దగ్గరికి పోయి అడిగితే లెటర్ వెనక్కి తీసుకున్నారు కానీ కోసిన డబ్బు మాత్రం ఇవ్వలేదు. ఈ సంగతి క్యాంపంతా పాకింది. ఆ తర్వాత కొన్ని నెలలు మా టీముల నుంచి రిపోర్టులు దాదాపు ఆగిపోయాయి. లోడర్లు తగలడం ఆగిందని నేను అనుకోను.

యూరప్‌లో 2014లో తెచ్చిన 376 నంబరు చట్టం ఈ విషయంలో నాకు చాలా నచ్చింది. ఇలాంటి ఘటనను 72 గంటల్లో రిపోర్టు చేయాల్సిన వాళ్లలో మాలాంటి గ్రౌండ్ హ్యాండ్లింగ్ వాళ్లూ ఉన్నారు. రిపోర్టు చేసినందుకు యజమాని శిక్షించకూడదని, ఆ రక్షణ కాంట్రాక్టు కార్మికులకూ ఉందని అందులో విడిగా రాశారు. కావాలని చేసిన పనికి, కళ్లముందు ప్రమాదం కనిపిస్తున్నా లెక్కచేయకుండా చేసిన పనికి మాత్రం ఆ రక్షణ లేదు, అది న్యాయమే. కాంట్రాక్టు కార్మికుల ప్రస్తావన లేని రక్షణ మాకు చేరదు. ఎందుకంటే సేఫ్టీ పాలసీ విమానాశ్రయం గోడ మీద ఉంటుంది, మా వీసా కాంట్రాక్టర్ దగ్గర ఉంటుంది.

ఇంకో సంగతి మన వాళ్లకు తెలియదు. ప్రమాదం అనగానే విమానం కూలడమే అనుకుంటాం. ఆ 13వ అనుబంధం ప్రకారం ప్రయాణానికి మొదటి మనిషి విమానం ఎక్కినప్పటి నుంచి చివరి మనిషి దిగేవరకు ఆ విమానం వల్ల ఎవరైనా చనిపోయినా, తీవ్రంగా గాయపడినా ప్రమాదమే. ఇంజన్ గాలి దెబ్బ నేరుగా తగిలినా లెక్కలోకి వస్తుంది. గాయపడి 30 రోజుల్లోపు చనిపోతే దాన్ని మరణంగానే లెక్కిస్తారు. 2022 డిసెంబర్ 31న అమెరికాలో మాంట్‌గొమరీ విమానాశ్రయంలో గేటు దగ్గర ఆగి ఉన్న విమానం ఇంజన్ ఒక ర్యాంపు కార్మికురాలిని లోపలికి లాగేసింది. ఇంజన్లు ఆపినా విమానానికి కరెంటు ఇచ్చే సహాయక పవర్ యూనిట్ పనిచేయక, ఆగిన తర్వాత కూడా ఇంజన్లు నడుస్తున్నాయి. ఇంజన్లు ఆగేదాకా దగ్గరికి పోవద్దని అంతకుముందే టీమ్‌కు చెప్పారు. అక్కడి ప్రమాద దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ దాన్ని విమాన ప్రమాదంగానే దర్యాప్తు చేసింది. ర్యాంపు మనిషి ప్రాణం కూడా ప్రయాణికుడి ప్రాణంతో సమానంగా ఆ నిబంధనలో ఉంది.

గల్ఫ్ నుంచి ఇంటికి పోయే మనవాళ్లకు మాత్రం రెండు ప్రమాదాలు గుర్తుండాలి. 2010 మే 22న దుబాయ్ నుంచి మంగళూరు వచ్చిన విమానం రన్‌వే దాటి లోయలో పడి 158 మంది చనిపోయారు. ఆ విచారణ తర్వాతే, 2012లో, మన దేశంలో ఏఏఐబీ ఏర్పడింది. అంతకుముందు నియమాలు పెట్టే డీజీసీఏనే దర్యాప్తులూ చూసేది. రెండోది 2016 ఆగస్టు 3న తిరువనంతపురం నుంచి దుబాయ్ వచ్చిన ఎమిరేట్స్ విమానం. దిగుతూ మళ్లీ పైకి లేవబోతే ఇంజన్ల శక్తి సమయానికి పెరగక రన్‌వే మీద పడింది. 300 మందీ బయటపడ్డారు, మంటలార్పుతున్న ఫైర్‌మన్ ఒకరు పోయారు. తప్పించుకునేటప్పుడు బ్యాగులు పట్టుకున్న ప్రయాణికుల గురించి కూడా నివేదిక రాసింది. ఏళ్ల కష్టం ఆ బ్యాగులోనే ఉంటుందని నాకు తెలుసు. అయినా చెప్తున్నా, బ్యాగు వదిలేయండి. నష్టపరిహారానికి 1999 మాంట్రియల్ ఒప్పందం విడిగా ఉంది. మన దేశం 2009లో అందులో చేరింది. కోర్టుకు వెళ్లాలంటే రెండేళ్లే గడువు, దర్యాప్తు నివేదిక వచ్చేదాకా ఆగితే ఆ గడువు దాటిపోవచ్చు.

మా సొంత జిల్లాలోనూ ఇలాంటిది జరిగింది. 2022 ఫిబ్రవరి 26న పెద్దవూర మండలం తుంగతుర్తి దగ్గర పొలాల్లో సెస్నా 152 శిక్షణ విమానం కూలి, ఒంటరిగా నడుపుతున్న ట్రైనీ పైలట్ అమ్మాయి చనిపోయింది. మా మేనత్త వాళ్ల ఊరు అటువైపే. డ్యూటీలో ఉండగానే నా వాట్సాప్‌కు ఫొటోలు వచ్చాయి, శిథిలాల చుట్టూ జనం. మనవాళ్లు సాయం చేయడానికే పరుగెత్తుతారు, అది చేయాల్సిందే. మనుషులను బయటికి తీయడానికి, మంటలు ఆర్పడానికి ఏది కదిపినా నిబంధన తప్పు పట్టదు. అది అయ్యాక మాత్రం ఒక్క ముక్క కూడా ముట్టుకోవద్దు. ప్రొపెల్లర్ రెక్క ఎటు వంగింది, దాని మీద గీతలు ఎలా పడ్డాయి అన్నదాన్ని బట్టి నేలను తాకేటప్పుడు ఇంజన్ శక్తితో తిరుగుతోందా, ఆగిపోయిందా అని దర్యాప్తు వాళ్లు చెప్పగలరు. ఫొటో కోసం ఆ రెక్కను పక్కకు జరిపితే ఆ అమ్మాయి తల్లిదండ్రులకు రావాల్సిన జవాబు కూడా దానితో పాటే చెదిరిపోతుంది.

గల్ఫ్ వచ్చేవాళ్లకు మన దగ్గర ప్రయాణానికి ముందు అవగాహన తరగతులు పెడుతున్నారు. పాస్‌పోర్ట్, జీతం, ఎంబసీ నంబర్లు చెప్తున్నారు, మంచిదే. విమానాశ్రయం పనికి పోయేవాళ్లకు అక్కడే ఇంకో గంట కేటాయించాలని నా కోరిక. గీత పడితే తుడవొద్దని, ముందు ఎవరికి చెప్పాలో, రాతపూర్వకంగా రిపోర్టు ఎలా ఇవ్వాలో, రిపోర్టు నంబర్ ఎందుకు రాసి పెట్టుకోవాలో తెలుగులో చెప్పాలి. చదివి అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టొద్దని చెప్పాలి. మా షిఫ్టుకు కొత్తగా వచ్చే పిల్లలకు ఇప్పుడు నేను సేఫ్టీ ఆఫీసు నంబర్ మొదటి రోజే ఫోన్‌లో సేవ్ చేయిస్తున్నాను. జీతంలో కోత పడితే అడగడానికి ఎవరెవరం కలిసి పోవాలో కూడా మాట్లాడుకుని పెట్టుకున్నాం.