చౌడు నేలకు నీరు పెట్టడం కన్నా తీయడమే ముఖ్యం

గోదావరి డెల్టా గురించి మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా నీరు వచ్చే దారి గురించే మాట్లాడతాం. 1847లో పని మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, దాని స్థానంలో తరువాత కట్టిన కాటన్ బ్యారేజీ, అక్కడి నుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు చీలిన కాలువలు, వాటి కింద పండే సుమారు పది లక్షల ఎకరాలు మనందరికీ తెలిసినవే. అయితే అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన, సఖినేటిపల్లి, మొగల్తూరు వంటి తీర మండలాల్లో సాగు చేసేవారికి నీరు వచ్చే దారి ఎంత అవసరమో, పోయే దారి అంతకు మించి అవసరం. శివారు ఆయకట్టులో, అంటే కాలువ చివరి భూముల్లో, పొలం ఉన్నవాడిగా ఈ విషయం కొంచెం వివరంగా రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

వేసవిలో కాలువలు కట్టేశాక మా వైపు పొలాల్లో గట్ల వెంబడి తెల్లని పొర తేలుతుంది. వేలితో గీరితే పొడిలా రాలుతుంది, నాలుకకు ఉప్పగా తగులుతుంది. ఇలా ఉప్పు చేరిన నేలనే చౌడు నేల అంటాం. ఇదంతా సముద్రపు నీరు నేరుగా పొలంలోకి వచ్చి వదిలిపెట్టినది కాదు. మా నేలల్లో భూగర్భ జలం చాలా పైనే ఉంటుంది, అది ఉప్పు నీరు. ఎండకు పైమట్టి ఆరేకొద్దీ ఆ నీరు మట్టి సందుల గుండా పైకి పాకుతుంది, నీరు ఆవిరైపోయి ఉప్పు మాత్రం మిగిలిపోతుంది. అందుకే పంట లేకుండా ఎండిన చేను ఎన్ని వారాలు బీడుగా ఉంటే పైన అంత ఉప్పు చేరుతుంది. వరి కోసిన వెంటనే తేలికగా ఒక చాలు దున్ని పైమట్టిని గుల్ల చేసినా, గడ్డిని తగలబెట్టకుండా చేనిమీదే పరిచినా ఈ పాకుడు చాలావరకు తగ్గుతుంది. ఖర్చు పెద్దగా లేని పని ఇది, అయినా చేసేవారు తక్కువ.

చేరిన ఉప్పును కడగడానికి మనకు ఉన్న గొప్ప వనరు వాన. అడుగు లోతు నేలలోని ఉప్పులో సుమారు 70 నుంచి 80 శాతం పోవాలంటే, దాదాపు అడుగు నీరు ఆ నేల గుండా కిందికి దిగి బయటకు పోవాలి. ఇక్కడ అసలు మాట బయటకు పోవడం. చేనులో నీరు నిలబెట్టి, దమ్ము చేసి, ఆ నీటిని అక్కడే ఇంకనిస్తే ఉప్పు కొంత కిందికి దిగుతుంది, వేసవి రాగానే తిరిగి పైకి వస్తుంది. తొలకరి వానలకు గట్లు సరిచేసుకుని, చేను నింపి, ఒకటి రెండు రోజులు నిలిపి, గట్టుకున్న మడవ తెంచి ఆ నీటిని మురుగు బోదెలోకి (చిన్న కాలువలోకి) వదలాలి. ఊడ్పులకు ముందు ఇలా రెండు మూడు విడతలు చేసిన చేనుకూ, చేయని చేనుకూ పిలకల్లోనే తేడా కనిపిస్తుంది.

మరి ఆ మురుగు బోదె ఎక్కడికి పోతుంది? పెద్ద డ్రెయిన్లోకి, అక్కడి నుంచి మొగ దగ్గర, అంటే డ్రెయిన్ సముద్రంలో కలిసే చోట, సముద్రంలోకి. సముద్రానికి రోజుకు రెండు పోట్లు ఉంటాయి. పోటు వేళ డ్రెయిన్ నీరు ఆగిపోవడమే కాకుండా వెనక్కి తన్నుతుంది. లవణీయత కొలిచే చిన్న మీటరు ఒకటి పట్టుకుని మా ఊరి డ్రెయిన్ వంతెన కింద ఆటు వేళ ఒకసారి, పోటు వేళ ఒకసారి నీరు ముంచి చూశాను. ఒకే చోట, ఒకే రోజు, అంకె ఎన్నో రెట్లు పెరిగింది. చూడడానికి మాత్రం నీటిలో ఏ తేడా లేదు, అదే మట్టి రంగు, అదే గుర్రపుడెక్క. డ్రెయిన్ నిండుగా ఉంది కదా అని ఆ వేళకు మోటారు పెట్టి తోడుకున్న రైతు తన చేనులోకి ఉప్పును కొనితెచ్చుకున్నట్టే. మొగ దగ్గర పోటు నీటిని ఆపే తలుపులు సరిగా పడకపోతే, డ్రెయిన్లో పూడిక, గుర్రపుడెక్క నిండిపోతే, సార్వాలో (వానాకాలపు పంటలో) ముంపు, వేసవిలో ఉప్పు రెండూ ఒకే దారిన వస్తాయి. 2011లో కోనసీమ రైతులు సార్వా సాగు మానేసి పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధర, కూలి ఖర్చులతోపాటు మురుగు పారుదల కూడా ముఖ్యమైన డిమాండుగా ఉంది. ఆ డిమాండు న్యాయమైనదని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

నేల పైనున్న డ్రెయిన్లు బాగున్నా, ఒండ్రు బంకమట్టి నేలల్లో నీరు పక్కకు కదలడమే కష్టం. అటువంటి చోట చిల్లులున్న గొట్టాలను భూమిలో పాతి, మట్టిలోని ఉప్పు నీటిని లాగేసే పద్ధతి ఉంది. పశ్చిమ డెల్టాలో కాళీపట్నం వద్ద దీనిని ప్రయోగాత్మకంగా అమలు చేశారు. ఒక్క రైతు భరించగల ఖర్చు కాదు, ఒక్క చేనులో వేస్తే ఫలితం ఇచ్చేదీ కాదు. ఒక తూము కింది రైతులంతా కలిస్తేనే సాధ్యం.

జిప్సం గురించి ఒక మాట చెప్పాలి. చౌడు అనగానే జిప్సం చల్లమని చెప్పడం మా వైపు అలవాటైపోయింది. తెల్ల పొర తేలే పాలచౌడుకు కావలసింది మంచినీటితో కడగడం, మురుగు తీయడం. సోడియం మట్టికి అతుక్కుని, ఉదజని సూచిక (pH) 8.5 దాటి, తడిస్తే జిగటగా, ఆరితే రాయిలా మారే కారుచౌడుకే జిప్సం పనిచేస్తుంది, అదీ వేసిన తరువాత నీరు పెట్టి బయటకు తీస్తేనే. పరీక్ష చేయించకుండా బస్తాలు దింపుకోవడం డబ్బు నీళ్ళపాలు చేసుకోవడమే.

వరి విషయానికి వస్తే, మొక్క లేతగా ఉన్నప్పుడు, మళ్ళీ పూత దశలో ఉప్పును అంతగా తట్టుకోలేదు. మట్టిని నీటితో తడిపి తీసిన సారంలో లవణీయత మీటరుకు 3 డెసీసీమెన్లు (ఉప్పును కొలిచే ప్రమాణం) దాటినప్పటి నుంచి ప్రతి ఒక్క అంకెకూ దిగుబడి సుమారు 12 శాతం తగ్గుతుందని లెక్క. కాబట్టి ఆకుమడిని చౌడు లేని చోట పోసుకుని, కాస్త ముదురు నారును కుదురుకు రెండు మూడు మొక్కలు ఎక్కువ పెట్టి ఊడ్చడం మంచిది. జింకు లోపం చౌడు నేలల్లో సర్వసాధారణం, దమ్ములో జింకు సల్ఫేటు వేయడం మరువరాదు. మార్టేరు పరిశోధన కేంద్రం వారి స్వర్ణ రకం అంటే మనకు ప్రాణమే గాని, చౌడు మచ్చలున్న చేలకు మచిలీపట్నం నుంచి వచ్చిన ఎం.సి.ఎం. 100, ఎం.సి.ఎం. 103 వంటి రకాలను పరిశీలించాలి. వేసవిలో పచ్చిరొట్టకు జీలుగ చౌడును బాగా తట్టుకుంటుంది.

రెండో పంట దగ్గరే అసలు చిక్కు. ఈ రెండో పంట, అంటే దాళ్వా, కాలంలో గోదావరి సహజ ప్రవాహం తగ్గిపోయి, ఎగువన ఉన్న సీలేరు జలాశయాల నుంచి వదిలే నీటిమీద ఆధారపడవలసి వస్తుంది. వంతులవారీ విధానం మొదలయ్యాక శివారుకు చేరేసరికి కాలువ అడుగంటుతుంది. సరిగ్గా పూత దశలో మంచినీరు అందకపోతే, దాళ్వా వరి నోటి దగ్గర కూడు జారిపోయినట్టే పోతుంది. నీటికి గట్టి భరోసా లేని చోట దాళ్వా వరి పంతం మాని తక్కువ నీటితో పండే ఆరుతడి పంటలకు మారడం మేలని నా అభిప్రాయం. అక్కడ కూడా ఎంపిక జాగ్రత్తగా చేయాలి. పెసర, మినుము చౌడుకు ఓర్వలేవు, చేనులో మంచి భాగానికే వాటిని పరిమితం చేయాలి. వరికి చెప్పిన అదే కొలతలో అలసంద సుమారు 5 వరకు, జొన్న 7కు కాస్త లోపు వరకు, పత్తి 7.7 వరకు పెద్ద నష్టం లేకుండా నిలుస్తాయి. మా బరువు నేలల్లో వరి కోశాక తేమ ఉండగానే విత్తు పడితేనే ఇవి నిలదొక్కుకుంటాయి.

ఇసుక దిబ్బల మీద ఉన్నవారి పరిస్థితి వేరు. అక్కడ వాన నీరు ఉప్పు నీటి మీద పలుచని పొరగా తేలి ఉంటుంది. సముద్ర మట్టం మీద మంచినీరు ఒక అడుగు ఎత్తు ఉంటే దాని కింద సుమారు 40 అడుగుల మందాన మంచినీరు నిలుస్తుంది, పైన ఒక అడుగు తోడేస్తే కింది నుంచి ఉప్పు అదే లెక్కన పైకి వస్తుంది. లోతైన బోరు వేసి పెద్ద మోటారు బిగించడం అందుకే ప్రమాదం. బాపట్ల శాస్త్రవేత్తలు మెరుగుపరిచిన దొరువు (ఇసుకలో తవ్వే నీటి గుంట) పద్ధతిలో, తక్కువ లోతున అడ్డంగా పరిచిన చిల్లుల గొట్టాల ద్వారా పై పొర నీరు మాత్రమే మెల్లగా మధ్య బావిలోకి చేరుతుంది. కూరగాయలు, కొబ్బరి మొక్కలు పెంచేవారికి ఇది సరైన దారి.

చెరువుల సంగతి విడిచిపెట్టలేను. రొయ్యల సాగు చేసుకునేవారి బతుకుతెరువును నేను కాదనను. అయితే వరిచేల మధ్య ఉప్పునీటి చెరువు తవ్వితే గట్టు పక్క చేను ఊటతోనే చౌడుబారుతుంది, ఆ చెరువు నీటిని పంట బోదెలోకి వదిలితే కింది రైతులందరికీ అన్యాయం జరుగుతుంది. చెరువు చుట్టూ ఊట కాలువ తవ్వి దానిని మురుగు కాలువకు కలపడం, పంట కాలువ జోలికి పోకపోవడం కనీస ధర్మం.

వచ్చే వేసవిలో మట్టి నమూనాలు తీసేవారు కాలువ కట్టేసిన తరువాత, తొలకరికి ముందు తీయండి, అప్పుడే ఉప్పు అత్యధికంగా ఉంటుంది. పై అర అడుగు ఒక సంచిలో, దాని కింది అర అడుగు వేరొక సంచిలో వేసి, పొర తేలిన మచ్చల మట్టిని మంచి మట్టిలో కలపకుండా విడిగా ఇవ్వండి. అదే రోజు మీ మురుగు బోదె చివరిదాకా నడిచి ఎక్కడ పూడిందో గుర్తు పెట్టుకుంటే, పూడికతీత పని కోరుతూ ఇచ్చే అర్జీలో ఆ చోటు పేరుతో సహా రాయవచ్చు.