మా ఊరి బోరింగు మేమే బాగుచేసుకుంటున్నాం

పాడేరు ఏజెన్సీలోని మా ఊళ్లో మంచినీటికి ఉన్నది ఒకటే బోరింగు. అది చెడిపోతే మెకానిక్ వచ్చేదాకా గెడ్డ (కొండవాగు) నీళ్లే గతి. వానాకాలంలో ఆ నీళ్లు తాగిన పిల్లలకు విరేచనాలు పట్టుకోవడం మాకు కొత్త కాదు. అందుకే ఒక స్వచ్ఛంద సంస్థ వారు చేతిపంపు మరమ్మతు నేర్పుతామని వచ్చినప్పుడు మా పొదుపు సంఘంలోని కొందరు ఆడవాళ్లం పేర్లు ఇచ్చాం. బరువు పని మీకెందుకని మగవాళ్లు నవ్వారు గానీ, బోరింగు ఆగిపోతే బిందెతో గెడ్డకు నడిచేది వాళ్లు కాదు కదా.

మాది ఇండియా మార్క్-2 పంపు. 1970లలో యునిసెఫ్ తోడ్పాటుతో మన దేశంలోనే తయారైన రకమిది. నేల లోపల 3 మీటర్ల పొడవైన ఇనుప పైపులు ఒకదానికొకటి బిగించి ఉంటాయి, వాటి లోపలి నుంచి రాడ్లు దిగుతాయి, అడుగున నీటిని పైకి నెట్టే సిలిండరు, దాని లోపల రాడ్డుకు తగిలించిన పిస్టన్ ఉంటాయి. సిలిండరులోని వాషరు అరిగినా సరే, పైపులన్నీ పైకి తీయవలసిందే. దీని తర్వాత వచ్చిన మార్క్-3 రకంలో పైపు వెడల్పుగా ఉంటుంది కాబట్టి పిస్టన్‌ను రాడ్లతోనే లాగేయవచ్చు. ఆ సుఖం మాకు లేదు.

మాకు ముందుగా స్పానర్లు ఇవ్వలేదు, పంపు కొట్టి జబ్బు కనిపెట్టమన్నారు. శిక్షణ మొత్తంలో నాకు ఎక్కువగా పనికివచ్చింది ఇదే. పొద్దున్నే చాలాసేపు కొడితే గాని నీరు రాకపోతే, నీటిని కిందికి జారనివ్వని అడుగు వాల్వు కారిపోతోందో, పైపు అతుకు వదులైందో చూడాలి. హ్యాండిలు ఉన్నట్టుండి తేలికైపోతే రాడ్డు ఊడిందని అర్థం. ధార సన్నబడితే, 40 సార్లు కొట్టి బకెట్టులో పడిన నీటిని కొలవాలి. దాదాపు 15 లీటర్లు రావాలి, బాగా తగ్గితే వాషర్లను అనుమానించాలి. కిర్రుమనే చప్పుడుకైతే పైపులు తీయనక్కర లేదు, చాలాసార్లు హ్యాండిలును రాడ్డుకు కలిపే చైనుకు గ్రీజు పెడితే సరిపోతుంది.

పైపులు తీయడంలో బలం కంటే వరుస ముఖ్యమని తర్వాత తెలిసింది. పైనున్న పైపును విప్పే ముందు కింది పైపును క్లాంపుతో గట్టిగా పట్టి ఉంచాలి. పట్టు జారిందంటే మిగిలిన పైపులన్నీ బోరులోకి జారిపోతాయి, వాటిని బయటకు తీయడం మా వల్ల అయ్యే పని కాదు. ఒకరు చెబితే తక్కినవారు ఎత్తాలి, అందరూ ఒకేసారి అరిస్తే ఎవరిదో ఒకరి వేలు నలుగుతుంది.

పని వచ్చినంత మాత్రాన బోరింగు నడవదు. వాషర్లు మండల కేంద్రంలో ఎప్పుడూ దొరకవు, దొరికినా రానుపోను ఖర్చు సామాను ధరను మించిపోతుంది. కాబట్టి ఇంటికి కొంత చొప్పున నెలనెలా పోగుచేసి, వాషర్లు, వాల్వు రబ్బర్లు, ఒక చైను, గ్రీజు డబ్బా ముందే కొని సంఘం పెట్టెలో ఉంచాం. డబ్బు లెక్క సంఘం పుస్తకంలోనే రాస్తున్నాం. పక్క ఊరివాళ్లు పిలిస్తే వెళ్తున్నాం, సామాను వాళ్లది, కూలి మాది. ఇప్పుడు ఆ ఊరి నుంచి ఇద్దరు మాతో పాటు పైపులు ఎత్తడానికి వస్తున్నారు.