సగ్గుబియ్యంలో సగ్గు

ఈ ఉదయం ఎండ ముదరకముందే డాబా మీద పాత పంచె పరిచి, అమ్మతో కలిసి సగ్గుబియ్యం వడియాలు పెట్టాను. రాత్రి నానిన గింజలు ఉడికి అద్దపు పూసలలా మారి, పచ్చిమిర్చి, జీలకర్ర వాసనతో పొగలు కక్కుతుండగా, బియ్యం సరే, ఈ ‘సగ్గు’ ఏమిటన్న సందేహం కలిగింది. నిజానికి బియ్యమూ సరి కాదు. ఇందులో వరి గింజ ఒక్కటీ లేదు. “ఆలోచనలు తర్వాత, చల్లారితే గరిట జారదు,” అని అమ్మ తొందరపెట్టింది.

మధ్యాహ్నం నిఘంటువులు తిరగేశాను. సగ్గు అన్నది మలయ్ భాషలోని ‘సాగు’. మన సాగుబడితో దానికి చుట్టరికం లేదు. మలుక్కా దీవులలోనూ న్యూగినీలోనూ చిత్తడి నేలలలో పెరిగే ఒక తాటిజాతి చెట్టును పూత రాకముందే నరికి, బోదెలోని దూటను నలగ్గొట్టి, నీళ్లతో కడిగి తీసే పిండి పేరు అది. మా డాబా మీద ఆరుతున్నది మాత్రం సామర్లకోట, పెద్దాపురం వైపు మిల్లులలో కర్రపెండలం దుంపల పాలు తీసి, పేరిన పిండిని ఊపి పూసలు కట్టించి, వేయించి ఎండబెట్టిన సరుకు. ఆ దుంప పుట్టిల్లు దక్షిణ అమెరికా. ఇంగ్లీషువారి ‘టాపియోకా’ బ్రెజిల్ తీరపు తుపి భాష నుండి వచ్చినది. మనవాళ్లు మాత్రం ఎవరినీ అడగకుండా, కర్రలాంటి కాండాన్నీ తమకు తెలిసిన పెండలాన్నీ కలిపి కర్రపెండలం అన్నారు. నాకు అదే ఎక్కువ నచ్చింది.

మాటలు ఇటు రావడమే కాదు, అటూ వెళ్లాయి. సరుకుల కొట్టును మలయ్‌లో ‘గుదాంగ్’ అంటారు. మన గిడ్డంగి, తమిళుల కిడంగు వంటి ద్రావిడ పదాలే దానికి మూలమని నిఘంటుకారులు భావిస్తారు. కోరంగి రేవు నుండి ఓడలు తూర్పు తీరాలకు నడిచిన రోజులలో, బర్మాలో తెలుగువారిని కోరంగీలనే పిలిచేవారు కనుక ఆ రాకపోకలు నాకు వింతగా తోచలేదు. వింతల్లా, ఆ మాటే పోర్చుగీసు, ఇంగ్లీషు నోళ్లలో నలిగి ‘గోడౌన్’గా తిరిగివచ్చి, మా వీధి చివరి వర్తకుడి బోర్డు మీద గిడ్డంగిని వెళ్లగొట్టి కూర్చోవడం.

సాయంత్రం ఇదంతా చెబితే, ఆ చెట్టు పిండిని అక్కడివారు ఏం చేసుకుంటారని అమ్మ అడిగింది. వేడినీళ్లు పోసి జిగురుగా కలిపి చేపల పులుసుతో తింటారని చెప్పాను.

“అక్కడ పులస దొరుకుతుందేమిటే?” అంది.