స్టీరింగ్ సర్వో మార్పు: చక్రం దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్క

ఇది రేడియో రిమోట్‌తో నడిపే మోడల్ కారు: 1/10 స్కేలు ఫోర్ వీల్ డ్రైవ్ బగ్గీ. బ్యాటరీతో కలిపి బరువు దాదాపు రెండున్నర కిలోలు. 2ఎస్ లిపో (రెండు సెల్లుల లిథియం పాలిమర్ బ్యాటరీ), బ్రష్‌లెస్ మోటారు, దాని వేగాన్ని నియంత్రించే ఈఎస్‌సీ, రిసీవర్‌కూ సర్వోకూ కరెంటు ఇచ్చే బీఈసీ కూడా అందులోనే. కారుతోపాటు వచ్చిన ప్లాస్టిక్ గేర్ల సర్వో (ముందు చక్రాలను పక్కకు తిప్పే, మోటారూ గేర్లూ ఉన్న చిన్న పెట్టె) ఇన్నాళ్లూ బాగానే పనిచేసింది. ఇప్పుడు కుడివైపు తిప్పితే ఒక కోణంలో కరకరమంటోంది. చక్రాలు అక్కడ తడబడి, ఆ తర్వాత ఒక్కసారిగా పక్కకు దూకుతున్నాయి. నేరుగా పోనిచ్చినా కారు ఒకసారి ఎడమకు, మరోసారి కుడికి లాగుతోంది. ట్రాన్స్‌మిటర్‌లో మధ్యస్థానాన్ని సరిచేసే ట్రిమ్ ఎంత సర్దినా మధ్యస్థానం నిలవడం లేదు.

తప్పు సర్వోదేనా?

కొత్తది వెతికే ముందు ఇది తేలాలి. బాల్ ఎండ్‌లో (కడ్డీ చివరి గుండ్రటి కీలులో) ఇరుక్కున్న ఇసుక, వంగిన టర్న్‌బకిల్ (పొడవు సర్దగల స్టీరింగ్ కడ్డీ), అరిగిన బుష్ (తిరిగే భాగం కింది గొట్టం) కూడా స్టీరింగ్‌ను ఇలాగే ఇబ్బంది పెడతాయి. అందుకే హార్న్ (సర్వో షాఫ్టు మీద బిగించే చేయి) దగ్గర చక్రాల వైపు పోయే లింకు కడ్డీని ఊడదీసి, రెండు వైపులనూ విడివిడిగా చూశాను. చక్రాలను చేత్తో తిప్పితే ఎక్కడా పట్టేయకుండా కదిలాయి. లింకు లేకుండా సర్వోను ట్రాన్స్‌మిటర్‌తో తిప్పితే అదే కోణంలో అదే శబ్దం. కాబట్టి లోపం సర్వోలోనే ఉంది.

అడుగున ఉన్న నాలుగు పొడవైన స్క్రూలు విప్పి పైమూత ఎత్తాను. చివరి గేరుకు ముందున్న గేరులో పక్కపక్కనే ఉన్న రెండు పళ్లు అరిగి చదునయ్యాయి. గేర్ల సెట్టు విడిగా దొరుకుతుంది, మార్చడమూ కష్టం కాదు. కానీ మధ్యస్థానం నిలవకపోవడానికి గేర్లొక్కటే కారణం కాదు. హార్న్‌ను వేలితో ఒకవైపుకు ఒత్తిపట్టి, గేర్ల మధ్య వదులు లేకుండా చేసి చూసినా అది మారుతూనే ఉంది. షాఫ్టు ఏ కోణంలో ఉందో సర్వోలోని సర్క్యూట్‌కు చెప్పేది పొటెన్షియోమీటర్. కారు ఎక్కువసేపు నేరుగానే పోతుంది కాబట్టి దాని పట్టీ మధ్యభాగమే ముందు అరుగుతుంది. కొత్త గేర్లు వేసినా ఆ అరుగుదల అలాగే ఉంటుంది. అందుకే సర్వో మొత్తం మార్చాలనే నిర్ణయానికి వచ్చాను.

ఎంత బలం కావాలో కొలవడం

సర్వో అనగానే అందరూ మొదట అడిగేది ‘ఎన్ని కిలోలు?’ అని. 9 ఉన్నచోట 20 వేయి, 20 ఉన్నచోట 35 వేయి అనే సలహాలు చాలా వినిపిస్తాయి. ఆ పద్ధతి నాకు నచ్చదు. ఈ కారుకు ఎంత కావాలో కారునే అడగవచ్చు. అందుకు ఒక చిన్న స్ప్రింగ్ త్రాసు, ఒక స్కేలు చాలు.

బ్యాటరీ బిగించి, బాడీ పెట్టి, కారును గరుకు సిమెంటు నేల మీద ఉంచాను. హార్న్ నుంచి విడిపించిన లింకు చివరకు త్రాసు కొక్కెం తగిలించి, లింకు ఉన్న దిశలోనే మెల్లగా లాగాను. నిలబడి ఉన్న కారు చక్రాలు పూర్తిగా తిరగడానికి సుమారు కిలోన్నర లాగుడు పట్టింది. హార్న్ మీద లింకు తగిలే రంధ్రం షాఫ్టు మధ్యనుంచి 1.7 సెంటీమీటర్ల దూరంలో ఉంది. రెండింటినీ గుణిస్తే దాదాపు 2.5 కిలో-సెంటీమీటర్లు. కారు కదులుతున్నప్పుడు ఇంకా తక్కువే సరిపోతుంది. గాడిలో పడ్డప్పుడు, రాయి అడ్డొచ్చినప్పుడు దీనికి రెండు మూడు రెట్లు కావాల్సి రావచ్చు.

అసలు ఉపయోగపడే కొలత ఆ తర్వాతది. చక్రాలను అటు చివరకు తిరగనిచ్చి, అక్కడ ఆగాక ఇంకా లాగాను. సుమారు మూడు కిలోల దగ్గర బెల్‌క్రాంక్‌లోని (లింకు కదలికను చక్రాలకు అందించే మీటలోని) సర్వో సేవర్ స్ప్రింగు, అంటే సర్వోను దెబ్బల నుంచి కాపాడేది, విచ్చుకుంది. అంటే సర్వో నుంచి 5 కిలో-సెంటీమీటర్లకు మించి ఎంత బలం వచ్చినా అది చక్రాలకు చేరదు, స్ప్రింగును నొక్కడానికే పోతుంది. ఈ స్థితిలో 35 కిలోల సర్వో బిగించినా చక్రాల దగ్గర ఆ అదనపు బలం కనబడదు. పెద్ద సర్వో వేసినా తేడా తెలియలేదని వాపోయేవాళ్లు ముందు సేవర్‌ను చూసుకోవాలి.

సేవర్ సర్దుబాటు నట్టును కొంచెం బిగించి మళ్లీ కొలిస్తే నాలుగున్నర కిలోలకు వచ్చింది, అంటే 7.6 కిలో-సెంటీమీటర్లు. అంతకన్నా బిగించలేదు. ముందు చక్రం గట్టిగా గుద్దుకున్నప్పుడు ఆ దెబ్బను మింగేది ఈ స్ప్రింగే. దాన్ని పూర్తిగా బిగిస్తే దెబ్బ నేరుగా సర్వో గేర్ల మీద పడుతుంది.

ప్యాకెట్ మీది అంకె అసలు అర్థం

15 కిలో-సెంటీమీటర్లు అంటే, షాఫ్టు మధ్యనుంచి ఒక సెంటీమీటరు దూరంలో 15 కిలోలు వేలాడదీస్తే సర్వో ఇక కదలలేదని. దాన్ని స్టాల్ టార్క్ అంటారు. 60 డిగ్రీలకు 0.12 సెకన్లు అన్న వేగమేమో ఏ భారమూ లేనప్పటిది. ఈ రెండూ ఏ సర్వో దగ్గరా ఒకేసారి ఉండవు. భారం పెరిగేకొద్దీ వేగం దాదాపు అదే నిష్పత్తిలో పడిపోతుంది. స్టాల్ టార్క్‌లో సగం భారం మీద వేగం సగమవుతుంది, మోటారు ఇచ్చే యాంత్రిక శక్తి అత్యధికంగా ఉండేదీ అక్కడే.

నా సేవర్ 7.6 దగ్గర విచ్చుకుంటోంది. కాబట్టి స్టాల్ టార్క్ 15 ఉంటే, నా కారు అడగగలిగిన అతి పెద్ద భారం దానికి సగమవుతుంది. మామూలు తిప్పుడుకు కావాల్సిన రెండున్నర ఆరో వంతే కనుక, అప్పుడు 60 డిగ్రీలకు పట్టే సమయం 0.12 నుంచి 0.145 సెకన్ల దాకా మాత్రమే పెరుగుతుంది. ఈ బగ్గీకి ఇది సమృద్ధిగా చాలు. రాళ్లెక్కే క్రాలర్ లెక్క వేరు. రెండు రాళ్ల మధ్య ఇరుక్కున్న చక్రాన్ని నిలబడ్డచోటే తిప్పాలి కాబట్టి వాటికి 25 పైబడిన సర్వోలు వాడటంలో అర్థముంది. వేగం అక్కడ అంత ముఖ్యం కాదు.

పాత జాబితాల్లో, విదేశీ ప్యాకెట్ల మీద టార్క్ ఔన్స్-అంగుళాల్లో ఉంటుంది. 13.9తో భాగిస్తే కిలో-సెంటీమీటర్లు వస్తాయి.

కరెంటు సంగతి

సర్వో ఎంపికలో ఎక్కువ సమయం నేను దీని మీదే పెట్టాను. సర్వోకు కరెంటు బ్యాటరీ నుంచి నేరుగా రాదు. ఈఎస్‌సీలోని బీఈసీ వోల్టేజీని తగ్గించి రిసీవర్‌కు, అక్కడి నుంచి సర్వోకు పంపుతుంది. నా ఈఎస్‌సీ మీద 6 వోల్టులు, 3 ఆంపియర్లు అని ఉంది.

దీన్నిబట్టి రెండు విషయాలు తేలతాయి. మొదటిది, సర్వో వివరాల్లో నేను చూడాల్సింది 6 వోల్టుల వరుస మాత్రమే. హై వోల్టేజీ సర్వోల మీద పెద్ద అక్షరాల్లో ఉండే అంకె సాధారణంగా 7.4 లేదా 8.4 వోల్టులది. టార్క్ ఇంచుమించు వోల్టేజీతోపాటే తగ్గుతుంది. 8.4 దగ్గర 25 ఇచ్చే సర్వో 6 దగ్గర 18 చుట్టుపక్కలే ఇస్తుంది. వేగమూ అలాగే పడిపోతుంది.

రెండోది, స్టాల్ కరెంటు. హార్న్ ఇరుక్కుని సర్వో కదలలేకపోయినప్పుడు లాగే ఈ కరెంటు పెద్ద సర్వోల్లో 4, 5 ఆంపియర్లు దాటుతుంది. బీఈసీ అంత ఇవ్వలేకపోతే వోల్టేజీ కుంగుతుంది. మరీ కుంగితే రిసీవర్ ఆగిపోయి మళ్లీ మొదలవుతుంది, ఆ క్షణంలో కారు మన చేతిలో ఉండదు. మలుపులో స్టీరింగ్ పూర్తిగా తిప్పి, యాక్సిలరేటర్ నొక్కినప్పుడే సిగ్నల్ పోతున్నట్టు అనిపిస్తే రేడియో కన్నా ముందు ఈ వోల్టేజీనే అనుమానించాలి. రిసీవర్ ఖాళీ పోర్టులో పెట్టే కెపాసిటర్ క్షణకాలపు కుంగుబాటును మాత్రమే ఆదుకుంటుంది. నిజంగా ఎక్కువ కరెంటు కావాలంటే విడి బీఈసీ పెట్టుకోవాలి. అప్పుడు ఈఎస్‌సీ నుంచి రిసీవర్‌కు వచ్చే ప్లగ్గులోని ఎర్ర తీగ పిన్నును బయటకు తీసి, టేపు చుట్టి కట్టేయాలి. నెగెటివ్ తీగను మాత్రం కదపకూడదు, రెండింటికీ అది ఉమ్మడిగా ఉండాల్సిందే. వోల్టేజీ పెంచే ఆలోచన ఉంటే రిసీవర్ ఎంతవరకు తట్టుకుంటుందో కూడా చూసుకోవాలి.

విడి బీఈసీ పెట్టే ఉద్దేశం నాకు లేదు. కాబట్టి 6 వోల్టుల దగ్గర స్టాల్ కరెంటు 3 ఆంపియర్ల లోపు ఉన్నవాటినే పరిశీలించాను. చాలా పేర్లు ఇక్కడే తప్పుకున్నాయి. స్టాల్ కరెంటు ఎంతో చెప్పని సర్వోలను నేను పక్కన పెట్టేశాను.

పళ్లు, కొలతలు, మోటారు

షాఫ్టు మీది పళ్ల సంఖ్య కలవకపోతే మిగతాదంతా వృథా. ఫుటాబా పద్ధతిలో 25 పళ్లు, పాత హైటెక్ సర్వోలకు 24, జేఆర్, సాన్వా, కేవో పద్ధతిలో 23. నా దగ్గరున్న అల్యూమినియం హార్న్ 25 పళ్లది, కాబట్టి సర్వో కూడా అదే. 24 హార్న్‌ను 25 షాఫ్టు మీద బలవంతంగా దించితే పళ్లు చెడిపోతాయి.

పరిమాణం స్టాండర్డ్: సుమారు 40 మిల్లీమీటర్ల పొడవు, 20 వెడల్పు, 38 నుంచి 40 ఎత్తు. చూడాల్సింది ఎత్తొక్కటే కాదు. చెవుల (స్క్రూలు బిగించే రెక్కల) నుంచి షాఫ్టు కొన దాకా ఎంత ఉందో, తీగ ఏ వైపు నుంచి బయటికొస్తుందో కూడా కొలిచాను. నా ఛాసిస్‌లో తీగ వచ్చే వైపున పక్కగోడకు నాలుగు మిల్లీమీటర్ల ఖాళీయే ఉంది. స్టాండర్డ్ పట్టని కార్లకు ఎత్తు తక్కువ సర్వోలు ఉన్నాయి.

గేర్ల విషయంలో స్టీలునే కోరుకున్నాను. అల్యూమినియం తేలికే కానీ త్వరగా అరుగుతుంది, టైటానియం ఖరీదు ఎక్కువ. మోటారులో కోర్‌లెస్ తీసుకున్నాను. తిరిగే భాగంలో ఇనుప కోర్ ఉండదు కాబట్టి తేలికగా ఉండి, చప్పున కదిలి చప్పున ఆగుతుంది. బ్రష్‌లెస్ ఎక్కువకాలం మన్నుతుంది, రోజూ పరుగుపందేలకు వెళ్లేవాళ్లకు అది తగినది. చివరకు తెప్పించింది: డిజిటల్, కోర్‌లెస్, స్టీలు గేర్లు, 25 పళ్లు, 6 వోల్టుల దగ్గర 15 కిలో-సెంటీమీటర్లు, 0.12 సెకన్లు, కీళ్ల దగ్గర రబ్బరు ఓ-రింగులు, మధ్యభాగం అల్యూమినియం కేసు.

బిగింపు

హార్న్ పెట్టకముందే సర్వోను రిసీవర్‌కు కలిపి, ట్రిమ్, సబ్-ట్రిమ్ (సర్వో మధ్యస్థానాన్ని సన్నగా సర్దే మరో సెట్టింగు) రెండూ సున్నా చేసి పవర్ ఇచ్చాను. సర్వో తన మధ్యస్థానానికి, అంటే రిసీవర్ పంపే 1.5 మిల్లీసెకన్ల పల్సుకు వచ్చి నిలిచాక, హార్న్ లింకుకు లంబంగా ఉండేలా దించాను. 25 పళ్లున్నప్పుడు ఒక పన్నుకు 14.4 డిగ్రీలు. కనుక ఎంత దగ్గరగా పెట్టినా 7 డిగ్రీల దాకా తేడా మిగలవచ్చు. మిగిలిన ఆ కాస్త తేడాకే సబ్-ట్రిమ్ వాడాను. హార్న్ లంబంగా లేకపోతే కారు ఒకవైపు ఎక్కువ, మరోవైపు తక్కువ తిరుగుతుంది.

హార్న్ స్క్రూ 3 మిల్లీమీటర్ల మరది. దాని పొడవు సరిచూడాలి. పొడవెక్కువైతే షాఫ్టు రంధ్రం అడుగున తగిలి ఆగుతుంది, బిగిసినట్టే ఉంటుంది గాని హార్న్ వదులుగానే మిగులుతుంది. లోహంలోకి లోహం కాబట్టి నీలిరంగు థ్రెడ్ లాకర్ చిన్న చుక్క వేశాను. ప్లాస్టిక్‌లోకి పోయే స్క్రూలకు మాత్రం అది తగలనివ్వలేదు, కొన్ని ప్లాస్టిక్‌లు దానివల్ల పగుళ్లిస్తాయి.

తర్వాత ట్రాన్స్‌మిటర్‌లో ఎండ్ పాయింట్లు, అంటే సర్వో ఒక్కో వైపుకు ఎంతదాకా తిరగాలనే హద్దులు. చక్రాలు నేలకు తగలకుండా కారును స్టాండు మీద పెట్టి, రెండు వైపులా ఎండ్ పాయింటును ముందు బాగా తగ్గించి, కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోయాను. నకిల్ (చక్రాన్ని పట్టి తిప్పే భాగం) అడ్డంకికి తగిలిన చోట సర్వో గట్టిగా జుయ్‌మంటుంది. అక్కడి నుంచి రెండు అంకెలు వెనక్కి తెచ్చి వదిలేశాను. ఎడమకూ కుడికీ విలువలు వేరుగా వచ్చాయి, అది సహజం. ఈ పని వదిలేస్తే మలుపు తిరిగిన ప్రతిసారీ సర్వో స్టాల్ కరెంటు లాగుతూ వేడెక్కుతుంది. మధ్యస్థానంలో డిజిటల్ సర్వో సన్నగా మూలగడం మామూలే, దానికి కంగారు పడనక్కర్లేదు.

రిసీవర్‌లో హై స్పీడ్ పల్సు మోడ్ ఉన్నవాళ్లకు ఒక మాట: అది డిజిటల్ సర్వోలకే. సెకనుకు 50 పల్సుల కోసం చేసిన అనలాగ్ సర్వోకు ఆ మోడ్ పెడితే కాలిపోవచ్చు.

నేల మీద

మొదట నెమ్మదిగా, తర్వాత పూర్తి వేగంతో ఒక బ్యాటరీ నడిపాను. నేరుగా వదిలితే నేరుగా పోతోంది, మలుపు నుంచి చక్రాలు ప్రతిసారీ అదే చోటికి తిరిగొస్తున్నాయి. ఎస్ ఆకారపు మలుపుల్లో ఇదివరకు రెండో మలుపుకు కాస్త ముందే చేయి కదిలించాల్సి వచ్చేది, ఇప్పుడు అది అక్కర్లేదు. నాకు అన్నింటికన్నా సంతోషం కలిగించిన మార్పు ఇదే. స్టీరింగ్ పూర్తిగా తిప్పి యాక్సిలరేటర్ నొక్కినా రిసీవర్ లైటు ఒక్కసారి కూడా ఆరలేదు. దింపగానే కేసు మీద వేలు పెట్టి చూశాను, గోరువెచ్చగా ఉంది. వేలు నిలపలేనంత వేడి ఉంటే ఎండ్ పాయింట్లు మళ్లీ చూడాల్సి ఉండేది. హార్న్ స్క్రూ, సర్వో చెవుల స్క్రూలు మరోసారి పట్టి చూశాను, ఏదీ సడలలేదు.

సర్వో గట్టిపడ్డాక ఇదివరకు తెలియని ఒక వదులు బయటపడింది. హార్న్ కదలకుండా ఉన్నా ముందు చక్రాలు వేళ్లకు కొద్దిగా అటూ ఇటూ ఆడుతున్నాయి. ఆ వదులు బెల్‌క్రాంక్ ప్లాస్టిక్ బుష్‌లలో ఉంది. తర్వాత చేయబోయేది అదే: బుష్‌ల లోపలి, బయటి వ్యాసాలు, మందం కొలిచి, ఆ సైజు బాల్ బేరింగులు వేయడం. బేరింగులు పడ్డాక సేవర్ ఎక్కడ విచ్చుకుంటుందో త్రాసుతో మళ్లీ కొలుస్తాను.