మీ మోకాల్లో వేసింది ఏ కంపెనీదో మీకు తెలుసా?

మా మావయ్య రెండో మోకాలు కూడా మార్పించుకుంటానంటున్నారు. మొదటిదాంట్లో ఏ కంపెనీ కృత్రిమ కీలు (ఇంప్లాంట్) వేశారో చూసి డాక్టర్‌కి చెబుదామని పాత ఫైలు తిరగేశాం. ఎక్స్‌రేలున్నాయి, రక్త పరీక్షలున్నాయి, ఆఖరికి క్యాంటీన్ బిల్లు కూడా ఉంది. డిశ్చార్జి సమ్మరీలో మాత్రం కుడి మోకాలు మార్చాం అన్న ముక్క తప్ప కంపెనీ పేరూ లేదు, నంబరూ లేదు. ఆస్పత్రికి ఫోన్ చేస్తే పాత రికార్డులు గోడౌన్‌లో ఉంటాయండీ, లెటర్ పెట్టుకోండి అన్నారు. "ఇప్పుడు దాంతో పనేంట్రా, బాగానే నడుస్తున్నాగా" అని ఆయనేమో కొట్టిపారేశారు.

పనుంది. జాన్సన్ అండ్ జాన్సన్ వాళ్ల డీప్యూ కంపెనీ ఏఎస్‌ఆర్ అని ఒక తుంటి ఇంప్లాంట్ అమ్మేది, గిన్నే లోహం, అందులో తిరిగే బంతీ లోహమే. రెండూ రాసుకుని కోబాల్ట్, క్రోమియం రక్తంలోకి దిగేవి, చుట్టూ ఉన్న కండ దెబ్బతినేది, చాలామందికి మళ్లీ కోసి మార్చాల్సి వచ్చింది. ఆస్ట్రేలియాలో 2009 డిసెంబర్‌లోనే మార్కెట్ నుంచి తీసేశారు, ఎందుకంటే అక్కడ కీలు మార్పిడులన్నీ ఒక జాతీయ రిజిస్ట్రీలో నమోదవుతాయి, ఏ మోడల్ ఎక్కువగా ఫెయిలవుతోందో లెక్కల్లో ఇట్టే తేలిపోయింది. ప్రపంచమంతటా వెనక్కి పిలిచింది 2010 ఆగస్టులో. మన దేశంలో అప్పటికి సుమారు 4,700 ఆపరేషన్లు జరిగాయి. కేంద్రం నిపుణుల కమిటీ వేసింది 2017లో. 2018లో ఆ రిపోర్టు బయటికొచ్చేసరికి 3,600 మందికి పైగా ఎక్కడున్నారో ఎవరికీ తెలియదు! చెడిపోయిన లోహం ఒంట్లో పెట్టుకుని తిరుగుతున్న మనుషులు, వాళ్లకి కబురు పెట్టడానికి అడ్రసు లేదు. అమెరికాలో అదే కంపెనీ 2013లో దాదాపు 250 కోట్ల డాలర్లకి సెటిల్ చేసుకుంది. ఇక్కడ 2019 దాకా ఆగితే, రెండోసారి ఆపరేషన్ చేయించుకున్న 67 మందికి తలా 25 లక్షలు ఇస్తామని ఢిల్లీ హైకోర్టులో ఒప్పుకుంది.

ఈ కథ చెప్తే అందరూ అనేది ఒకటే, అప్పట్లో చట్టం లేదు, ఇప్పుడు వచ్చిందిగా అని. వచ్చిన మాట నిజమే. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కిందే పరికరాలను కొన్ని కొన్నిగా తెచ్చి చేర్చుకుంటూ వచ్చారు, స్టెంట్లూ గుండె కవాటాలూ కీళ్ల ఇంప్లాంట్లూ 2005లో చేరాయి. విడిగా మెడికల్ డివైజెస్ రూల్స్ 2017లో రాశారు, 2018 జనవరి నుంచి అమలు. 2020 ఏప్రిల్ 1 నుంచి అన్ని పరికరాలూ చట్టం కిందికి వచ్చాయి. రిస్కును బట్టి ఎ, బి, సి, డి అని నాలుగు తరగతులు, సూదులు ఒక మెట్టు, వెంటిలేటర్లు పై మెట్టు, స్టెంట్లు అన్నిటికన్నా పైన. సి, డి తరగతులకి లైసెన్స్ పూర్తిగా తప్పనిసరి అయ్యింది 2023 అక్టోబర్‌లో, అంటే నిన్నమొన్న.

లైసెన్స్ వల్ల లాభం లేదనను. కరోనా అప్పుడు జనం ఎగబడి కొన్న ఆక్సీమీటర్లు గుర్తున్నాయా? కొన్ని పెట్టెల మీద చీమ తలకాయంత అక్షరాల్లో ఇది ఆటలకీ విమాన ప్రయాణాలకే, వైద్యానికి కాదు అని రాసుండేది. దాంట్లో 96 చూసి హమ్మయ్య అనుకుని పడుకున్న ఇళ్లెన్నో. ఇప్పుడు పెట్టె తిప్పి చూస్తే లైసెన్స్ నంబరు, బయటి దేశానిదైతే దిగుమతిదారు అడ్రసు ఉండాలి. లేకపోతే కొనకండి, అంతే. (తనిఖీలకి వచ్చే డ్రగ్ ఇన్‌స్పెక్టర్లలో ఎక్కువమంది ఫార్మసీ చదివినవాళ్లు. మాత్రలో మందు సరిపోయిందో లేదో తేల్చగలరు, వెంటిలేటర్‌లో సర్క్యూట్ బోర్డును పట్టుకోమంటే పాపం ఏం చేస్తారు?)

నా గొడవ లైసెన్స్ తర్వాతది. ఇంప్లాంట్ పెట్టె విప్పితే లోపల ఒలిచి అంటించుకునే స్టిక్కర్లు కొన్ని ఉంటాయి, వాటి మీద మోడల్, సైజు, లాట్ నంబరు (అంటే బ్యాచ్ నంబరే), బార్‌కోడ్. థియేటర్‌లోనే ఒకటి తీసి కేస్ షీట్‌లో అంటిస్తారు. ఇంకోటి బిల్లింగ్‌కి వెళ్తుంది, స్టిక్కర్ లేకపోతే బీమా వాళ్లు క్లెయిమ్ దగ్గర పేచీ పెడతారు కాబట్టి దాన్ని ఎవరూ పోగొట్టరు. డబ్బులొచ్చే దారిలో అంత భద్రంగా వెళ్లే కాగితం పేషెంట్ ఫైల్‌లోకి మాత్రం రాదు! అడిగిన వాళ్లకి ఇస్తారు, అడగాలని ఎవరికి తెలుసు?

చిత్రమేంటంటే స్టెంట్ల విషయంలో దీనికి కొంత దారి దొరికింది, అదీ భద్రత చూసేవాళ్ల వల్ల కాదు, ధరలు చూసేవాళ్ల వల్ల. 2017 ఫిబ్రవరిలో స్టెంట్ రేటుకి గరిష్ఠ పరిమితి పెట్టినప్పుడు మందుల ధరలు చూసే కేంద్ర సంస్థ ఎన్‌పీపీఏ ఆస్పత్రులకి ఇంకో మాట చెప్పింది, బిల్లులో స్టెంట్ ఖరీదు విడిగా వేయాలి, బ్రాండు, కంపెనీ, బ్యాచ్ నంబరు రాయాలి అని. రేటు దాచకుండా ఉండటానికి పెట్టిన షరతు, రేపు ఆ బ్యాచ్‌లో తేడా వస్తే పేషెంట్‌ని వెతకడానికీ పనికొస్తుంది. అదే వరస ప్రతి ఇంప్లాంట్‌కీ డిశ్చార్జి సమ్మరీలో రాయమని చెప్పడానికి కొత్త ల్యాబులు కట్టక్కర్లేదు, కోట్లు పొయ్యక్కర్లేదు. రాసినవన్నీ ఒకచోట చేర్చే జాతీయ రిజిస్ట్రీ కూడా కావాలి. తుంటి, మోకాలు సర్జన్ల సంఘం ఒకటి నడుపుతోంది కానీ అది స్వచ్ఛందం, పంపే డాక్టర్ పంపుతారు, పంపనివారు పంపరు.

ఇంకో సంగతి. పరికరం వల్ల హాని జరిగితే చెప్పుకోవడానికి మెటీరియోవిజిలెన్స్ అని ఒక కార్యక్రమం 2015 జులై నుంచి ఉంది, ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడుపుతుంది. డాక్టరే పంపాలని లేదు, పేషెంట్ తరఫు వాళ్లూ ఫారం నింపి పంపొచ్చు. అందులో పరికరం పేరు, మోడల్, లాట్ నంబరు రాయడానికి గళ్లుంటాయి.