సగటు పాఠం రోజున ఊళ్ళో లేని పిల్లలు

2024 ఏప్రిల్ 22న పదో తరగతి ఫలితాలు వచ్చేసరికి నేను ఎమ్మిగనూరు బస్టాండులో ఉన్నాను. రాష్ట్రం మొత్తం మీద 86.69 శాతం పాసయ్యారు. పార్వతీపురం మన్యం 96.37తో మొదట, మా కర్నూలు 62.47తో చిట్టచివర. పక్కన కూర్చున్న పెద్దాయన ఫోన్లో అది చూసి "మన సార్లు ఏం చెప్తాండారో ఏమో" అన్నాడు. నేను టీచర్నని ఆయనకు తెలీదు. ఊరొచ్చేదాకా ఆ మాట నన్ను వదల్లేదు.

కోసిగి వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పదకొండేళ్ళుగా లెక్కలు చెబుతున్నాను. లెక్కల టీచర్ని కాబట్టి ఆ రాత్రి ముందు తీసివేత చేశాను. తేడా 24.22. అంతకు ముందు ఏడాది అడుగున ఉన్నది నంద్యాల: రాష్ట్రం 72.26, వాళ్ళు 60.39. ఆ ఫలితాలకు ఏడాది ముందే అది మా జిల్లా నుంచి విడిపోయింది. ఇంకో ఏడు వెనక్కి పోతే అనంతపురం: రాష్ట్రం 67.26, వాళ్ళు 49.70. మూడేళ్ళు వరసగా ఆఖరి పేరు సీమదే. ఇన్ని బడుల్లో, ఇంతమంది సార్లు ఒక్కసారిగా పాఠం చెప్పడం మరిచిపోయారంటే నేను నమ్మను.

మరి ఏం జరిగింది? దానికి నా దగ్గరున్న సాక్ష్యం 2023-24 హాజరు పట్టీ ఒక్కటే.

మా వైపు సుగ్గి అనే మాట ఉంది. పనులు వెతుక్కుంటూ ఊరు విడిచి పోవడాన్ని సుగ్గికి పోవడమంటాం. దసరా దాటిందంటే ఒక్కో వీధికీ తాళాలు పడతాయి. మొదట పత్తి తీతకు, తర్వాత మిరప కోతలకు గుంటూరు వైపు పోతారు. కొందరు తెలంగాణకు పోతారు. బండ్లలో బియ్యం మూటలు, వంట గిన్నెలు, కోళ్ళు, పిల్లలు. ముసలివాళ్ళు అరుగుల మీద మిగిలిపోతారు. ఆ ఏడు వానల్లేవు. రాష్ట్రంలో 103 మండలాలను కరువు మండలాలుగా ప్రకటిస్తే, మా జిల్లాలో చాలా మండలాలు ఆ జాబితాలోకి ఎక్కాయి. నా పదో తరగతి పట్టీలో 38 పేర్లు. నవంబరు పేజీ తిప్పితే పదకొండు వరసల్లో గైర్హాజరు గుర్తులు ఆ చివరి నుంచి ఈ చివరిదాకా ఉంటాయి.

ఆ పదకొండులో రెండో బెంచీ అమ్మాయిది ఒకటి. బండెక్కే ముందు రోజు బడికొచ్చి చెప్పిపోయింది.

"మేడం, రేపు సుగ్గికి పోతాండాం."

"పదో తరగతే నువ్వు. సీజనల్ హాస్టల్లో ఉండరాదా?"

"నేనుంటా మేడం. తమ్మున్ని ఎవరు చూసుకుంటారు? మాయమ్మోళ్ళు చేన్లోకి పోతే ఆన్నే గుడిసె కాడ నేనుండాల."

పెద్దవాళ్ళు వలస పోయిన నెలల్లో పిల్లల్ని ఊళ్ళోనే ఉంచుకునే ఈ సీజనల్ హాస్టళ్ళు మంచివే. కానీ ఒక ఏడు మా ఊళ్ళో హాస్టలు తెరిచేసరికి బండ్లు పోయి మూడు వారాలైంది.

ఆ అమ్మాయి హాల్ టికెట్ కోసం మార్చిలో తిరిగొచ్చింది. మిరపకాయల ఘాటుకు వేళ్ళ చివర్లు ఎర్రగా పొక్కిపోయి ఉన్నాయి, పెన్ను పట్టుకుంటే మండుతుందంది. త్రికోణమితి, సంభావ్యత, సాంఖ్యకశాస్త్రం ఏవీ వినలేదు. సగటు ఎలా కట్టాలో నేర్పేది ఆ సాంఖ్యకశాస్త్రం పాఠంలోనే. లెక్కల్లో 29 వచ్చాయి. పాసు మార్కు 35.

జిల్లాను కిందికి లాగిన వాళ్ళలో తనొకతి. అసలు తిరిగి రానివాళ్ళు ఇద్దరున్నారు. శాతం కట్టేది పరీక్ష రాసిన వాళ్ళమీదే గనుక ఆ ఇద్దరూ ఏ లెక్కలోనూ లేరు. వాళ్ళు కూడా వచ్చి రాసి తప్పి ఉంటే జిల్లా అంకె ఇంకా తగ్గేది. ఇది నన్ను చాలా బాధపెడుతుంది.

పైగా ఆ రాష్ట్ర సగటులో ప్రైవేటు బడులు, గురుకులాలు అన్నీ కలిసి ఉంటాయి. నవంబరు నుంచి మార్చిదాకా పిల్లలు బెంచీ మీదే ఉన్న బడులవి.

పేదరికమే కారణమా? అదొక్కటే అయితే మన్యం మొదటి స్థానంలో ఉండదు. అక్కడ గిరిజన ఆశ్రమ పాఠశాలలున్నాయి, పిల్లలు అక్కడే తిని అక్కడే పడుకుంటారు. ఇదే జవాబని ఒక ఏడాదంతా స్టాఫ్‌రూంలో గట్టిగా వాదించాను. 2025లో రాష్ట్రం 81.14 ఉంటే, అలాంటి ఆశ్రమ పాఠశాలలే ఉన్న అల్లూరి సీతారామరాజు జిల్లా 47.64తో ఆఖరికొచ్చింది. హాస్టలుంటే చాలని ఇప్పుడు అనలేకపోతున్నాను. అడుగున మన పేరు లేదని మావాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు. నాకు మాత్రం పాడేరు కొండల్లో ఎక్కడో నాలాగే తీసివేత చేసుకుంటున్న ఇంకో టీచరమ్మ గుర్తొచ్చింది.

ఇంకొక లెక్క. 2011 జనగణనలో మా జిల్లా అక్షరాస్యత దాదాపు 60 శాతం, ఉమ్మడి రాష్ట్రానిది 67. ఆడవాళ్ళలో చదవగలిగింది సగం మందే. 2024లో పది రాసిన పిల్లలు అప్పటికి రెండు మూడేళ్ళ వాళ్ళు. అంటే ఆ జనగణనలో చదువు రానివాళ్ళుగా రాసుకున్నది వీళ్ళ అమ్మల్నే. ప్రోగ్రెస్ కార్డు మీద వేలిముద్ర వేసేటప్పుడు ఆ అమ్మలు అడిగేది ఒకే మాట: "బాగ చదువుతాందా మేడం?"

నన్నడిగితే జూన్‌లో ఎంతమంది చేరారో, నవంబరు ఒకటిన ఎంతమంది ఊళ్ళో ఉన్నారో, సంక్రాంతి తర్వాత ఎంతమంది మిగిలారో మండలాల వారీగా పేపర్లో వేయాలి. ఏప్రిల్‌లో వచ్చే శాతం పక్కనే వేయాలి. హాస్టలు దసరాకు ముందే తెరవాలి, చిన్న తమ్ముళ్ళను, చెల్లెళ్ళను కూడా అందులో ఉండనివ్వాలి.

ఫలితాలు వచ్చిన మర్నాటి నుంచి సప్లిమెంటరీ దాకా ఆ అమ్మాయి రోజూ పొద్దున ఏడింటికి బడి వరండాలోకి వచ్చేది. సగటు పాఠానికి పుస్తకం తెరవలేదు. మిరప చేన్లో నువ్వు ఏ రోజు ఎన్ని కిలోలు కోశావో చెప్పమన్నాను. తమ్ముడు నిద్రపోయినప్పుడల్లా తనూ చేన్లోకి దిగేదట. గుర్తున్నంత వరకు చెప్పింది, కిలోలను తరగతులుగా విడగొట్టి పట్టిక గీశాం, పౌనఃపున్యాలు, అంటే ఏ తరగతిలో ఎన్ని రోజులు పడ్డాయో రాశాం. సగటు తనే కట్టి, రెండుసార్లు సరిచూసుకుని, "అమ్మకన్నా నాకు నాలుగు కిలోలే తక్కువ మేడం" అంది.

సప్లిమెంటరీలో 51 వచ్చాయి. ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. తమ్ముడు ఈ జూన్‌లో మూడో తరగతికి వచ్చాడు. దసరా సెలవులివ్వడానికి రెండు వారాల ముందే వాళ్ళింటికి పోవాలని డైరీలో రాసిపెట్టుకున్నాను.