పొయ్యి వెలిగించని టిఫిన్: రాత్రి నానబెట్టిన ఓట్స్‌తో నా అనుభవం

ముందే చెప్పేస్తాను, ఓట్స్ మీద మోజుతో మొదలుపెట్టిన పని కాదిది. బదిలీ మీద కర్నూలు వచ్చాక పొద్దున టిఫిన్ నాకు పెద్ద తలనొప్పి అయింది. మా ఆవిడ ఉద్యోగం, పిల్లల చదువు హైదరాబాద్‌లో. ఇక్కడ నేనొక్కణ్ణే. ఒక గది, చిన్న వంటగది, అంతకన్నా చిన్న ఫ్రిజ్. బ్యాంకులో పదింటికి కౌంటర్ తెరవాలంటే అంతకు ముందే సీట్లో ఉండాలి. లేచి ఉప్మా చేసుకుని, గిన్నెలు తోముకుని, స్నానం చేసి బయల్దేరే ఓపిక వారంలో ఏ ఒకటి రెండు రోజులో ఉండేది. మిగతా రోజులు వీధి చివర బండి దగ్గరే. రాయలసీమలో ఉద్యోగం చేసినవాళ్లకు చెప్పక్కర్లేదు, పొద్దున్నే ఉగ్గాని, పక్కన నూనె కారుతున్న మిరపకాయ బజ్జీ కనిపిస్తే కాళ్లు వాటంతటవే అటు తిరుగుతాయి. ఉగ్గాని పాపం బొరుగులే, దాన్ని అనడానికేం లేదు. వచ్చిన చిక్కంతా బజ్జీతోనే. ఒకటితో ఆపిన మనిషిని నేనింతవరకు చూడలేదు.

రక్తపరీక్షలో ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, 158 వచ్చింది. డాక్టర్‌గారు మాత్ర రాయలేదు. తిండి మార్చండి, సాయంత్రం నడవండి, కొన్ని నెలలు చూసి అప్పుడు ఆలోచిద్దాం అన్నారు. ఆ రాత్రి ఫోన్లో మా ఆవిడ, "ఏవండీ, మా స్టాఫ్ రూమ్‌లో సగం మంది ఓట్స్ రాత్రే నానబెట్టి తెచ్చుకుంటున్నారు. పొయ్యి వెలిగించే పనే లేదు, మీలాంటివాళ్లకు అదే మేలు" అంది. ఆ "మీలాంటివాళ్లకు" అన్నది కాస్త గుచ్చుకుంది కానీ మాట నిజమే.

దుకాణంలో ఏ ప్యాకెట్ తీసుకోవాలన్నది మొదటి మెట్టు. ఇది సరిగ్గా పడితే మిగతాదంతా తేలిక. ఓట్స్ మూడు రకాలుగా కనిపిస్తాయి. స్టీల్ కట్ అంటే గింజను ముక్కలుగా కోసినవి. రాత్రంతా నానినా పంటికింద గట్టిగానే ఉంటాయి, వండుకునేవాళ్లకే అవి. ఇన్‌స్టంట్ అంటే బాగా పలచగా నొక్కి, చిన్న ముక్కలు చేసినవి. తెల్లారేసరికి జావ అయిపోతాయి. మనకు కావాల్సినవి రోల్డ్ ఓట్స్. గింజను ఆవిరి పట్టి, రోలర్ల మధ్య నొక్కి ఆరబెడతారు. అటుకుల మాదిరే అన్నమాట. ఫ్యాక్టరీలోనే వేడి తగిలింది కాబట్టి మళ్లీ ఉడికించకుండా నానబెట్టి తినొచ్చు. మా ఆఫీసులో ఒకాయన కొర్రలు కూడా ఇలాగే నానబెట్టి తినొచ్చా అని అడిగారు. కుదరదు. అవి పచ్చి గింజలు, నానాక కూడా వండాల్సిందే.

రుచులు కలిపిన ప్యాకెట్లు కూడా ఉంటాయి, మసాలా అని, ఆపిల్ దాల్చినచెక్క అని. ప్యాకెట్ వెనక ఉండే పదార్థాల జాబితాలో ఏది ఎక్కువ బరువుంటే అది ముందు రాయాలన్నది నియమం. నేను చూసిన ఒక తీపి ప్యాకెట్లో ఓట్స్ తర్వాత పేరు చక్కెరదే. అక్కడే పెట్టేశాను. మామూలు రోల్డ్ ఓట్స్ కిలో ప్యాకెట్ తెచ్చుకుంటే చాలా రోజులు వస్తుంది, గ్రాముకు లెక్కేసుకుంటే చవక కూడా.

ఇక చేసే పద్ధతి. అర కప్పు ఓట్స్, తూకం వేస్తే 40 గ్రాములు. కాచి చల్లార్చిన పాలు ముప్పావు కప్పు. మూత గట్టిగా పట్టే గాజు సీసాలో రెండూ వేసి, చెంచాతో అడుగుదాకా కలిపి, ఫ్రిజ్‌లో పెట్టి పడుకోవడమే. పాలు వేడిగా ఉండగా పోయొద్దు, ముద్ద కడుతుంది. కలిపేటప్పుడు అడుగున పొడి మిగలకుండా చూసుకోవాలి, లేకపోతే పొద్దున పైన చిక్కగా, అడుగున పిండిగా ఉంటుంది. అయిదారు గంటలు నానితే చాలు. రాత్రి పదింటికి పెడితే నేను లేచే వేళకు అటూ ఇటూ కాకుండా సరిగ్గా ఉంటుంది. రెండో రోజుకు కూడా ఉంటుంది కానీ మెత్తబడుతుంది, అంతకుమించి ఉంచను.

చియా గింజలు వేయాలా అంటే, వేస్తే చిక్కబడుతుంది, అంతే. వాటి బరువుకు పది రెట్ల దాకా నీళ్లు పీలుస్తాయి కాబట్టి ఒక్క చెంచా వేసినా పాలు ఇంకాస్త పోయాలి. ఇవీ సబ్జా గింజలూ ఒకటి కాదు, చూడ్డానికి ఒకేలా ఉంటాయంతే. ఖరీదు చూశాక నేను మానేశాను, పెద్ద లోటేం కనిపించలేదు.

పండ్ల విషయంలో మాత్రం కొంచెం తెలుసుకుని చేయాలి. అరటిపండు రాత్రే కోసి వేస్తే పొద్దునకు నల్లబడి వెగటు పుడుతుంది, తినేముందు కోసుకోవాలి. బొప్పాయి, పైనాపిల్ అసలు పాలల్లో రాత్రంతా ఉంచకూడదు. వాటిలో మాంసకృత్తులను విరిచే ఎంజైములు ఉంటాయి, బొప్పాయిలో పపైన్, పైనాపిల్‌లో బ్రొమెలైన్. పాలు చేదెక్కిపోతాయి. దానిమ్మ గింజలకు ఏ ఇబ్బందీ లేదు. ఎండాకాలంలో అయితే మామిడి. బనగానపల్లె ఇక్కడికి ఎంతో దూరం కాదు, మే నెలలో ఆ ఊరి పేరున్న కాయలే మార్కెట్ నిండా. రెండు బద్దలు ముక్కలు చేసి సీసాలో వేస్తే తేనె, ఖర్జూరం ఏవీ అక్కర్లేదు. ఆ నెల రోజులు ఓట్స్ అంటే నాకు ఎక్కడలేని ప్రేమ.

మామిడి సీజన్ అయిపోయాక వచ్చింది అసలు గండం. పొద్దున్నే తీపి తినడం నా వల్ల కాలేదు. పుట్టినప్పటినుంచి టిఫిన్ అంటే ఉప్పు, కారం, పచ్చడి ఉండే నాలుకకు రోజూ తియ్యటి పాల ముద్ద పెడితే ఎన్నాళ్లు ఊరుకుంటుంది? సగం తిని మూత పెట్టేసేవాణ్ణి, పదకొండింటికి బజ్జీ గుర్తొచ్చేది. ఇలాంటి సలహాలు చెప్పేవాళ్లలో చాలామంది ఇక్కడే మనల్ని వదిలేస్తారు. తేనె వేసుకో, కోకో పొడి వేసుకో, స్ట్రాబెర్రీ వేసుకో అంటారే తప్ప ఉప్పు వేసుకో అని ఒక్కరూ అనరు. వాళ్లు చెప్పే పద్ధతి వచ్చిన దేశం వేరు మరి. స్విట్జర్లాండ్‌లో బిర్షర్ బెన్నర్ అనే డాక్టర్ 1900 ప్రాంతంలో జ్యూరిక్‌లోని తన చికిత్సాలయంలో రోగులకు పెట్టిన వంటకం దీనికి మూలం. తమాషా ఏంటంటే ఆయన గిన్నెలో ప్రధానం తురిమిన ఆపిల్. ఓట్స్ ఒక్క చెంచాడు, అదీ నీళ్లలో నానబెట్టినవి. ఆయన తన ఊళ్లో దొరికేదాన్ని పెట్టాడు. నా ఊళ్లో పెరుగు దొరుకుతుంది.

అలా పెరుగు ఓట్స్‌లోకి వచ్చాను, ఇక అదే స్థిరపడింది. అర కప్పు ఓట్స్‌కు పావు కప్పు పెరుగు, అర కప్పు పాలు, ఉప్పు, సన్నగా తరిగిన అల్లం, ఒక పచ్చిమిర్చి చీలిక. మొత్తం పెరుగే వేస్తే పులుపెక్కి గొంతు పట్టుకుంటుంది, పాలు సగానికి పైన ఉండాలి. దద్దోజనం ప్రయాణానికి కట్టేటప్పుడు పాలు ఎక్కువ పోసి చెంచాడు పెరుగు వేస్తాం చూడండి, తినే వేళకు తోడుకుంటుందని. ఇక్కడ అది జరగదు, ఫ్రిజ్ చలికి తోడు కదలదు. అందుకే పెరుగు కాస్త ఎక్కువే వేయాలి. క్యారెట్ తురుము రాత్రే వేయొచ్చు. కీరా వేస్తే నీరు వదిలి పలచనైపోతుంది, అది పొద్దున.

తాలింపు దగ్గర కొంత ఆలోచించాల్సి వచ్చింది. పొద్దున పొయ్యి వెలిగించకూడదన్నదే కదా పంతం! ఆదివారం తీరిగ్గా కూర్చుని రెండు చెంచాల నూనెలో ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు, ఎండుమిర్చి ముక్కలు వేసి, పప్పు ఎర్రబడ్డాక ఇంగువ చిటికెడు, చివర్లో బాగా తుడిచి ఆరబెట్టిన కరివేపాకు వేస్తాను. ఆకు చిటపటలాడడం ఆగేదాకా సన్న మంట మీద ఉంచాలి. చేత్తో నలిపితే పొడి అవ్వాలి, తడి మిగిలితే రెండు రోజులకే వాసన వస్తుంది. చల్లారాక చిన్న స్టీలు డబ్బాలో వేసి ఫ్రిజ్ బయటే పెడతాను. వేయించిన వేరుశనగపప్పు ఇంకో డబ్బాలో. పొద్దున సీసా మూత తీసి చెంచాడు తాలింపు, గుప్పెడు పప్పులు వేసి కలిపితే కరకర అలాగే ఉంటుంది. పప్పులు రాత్రే వేస్తే తడి పీల్చి మెత్తబడతాయి, తినబుద్ధి కాదు. పక్కన నిమ్మకాయ ఊరగాయ బద్ద ఒకటి. ఇక పదకొండింటి బజ్జీ బెడద లేదు.

ఇది చూసి మా అమ్మ, "చద్దన్నమేగా, దానికింత హడావిడా?" అంది. చద్దన్నం కాదు. గంజిలోనో నీళ్లలోనో అన్నం బయట ఉంచితే రాత్రంతా పులుస్తుంది, దాని గుణమంతా ఆ పులవడంలోనే. ఫ్రిజ్‌లో ఓట్స్ ఊరికే నానతాయి, పులవవు. నానబెడితే ఫైటిక్ ఆమ్లం పోయి ఇనుము, జింక్ బాగా ఒంటికి పడతాయని కొందరంటారు. ఓట్స్ విషయంలో అది పెద్దగా నమ్మాల్సిన మాట కాదు. ఆ ఆమ్లాన్ని విరిచే ఎంజైమ్ ఓట్స్‌లో అసలే తక్కువ, ఉన్నది కాస్తా ఫ్యాక్టరీ వేడికి పోతుంది. నానబెట్టేది మెత్తబడడానికి, మన పొద్దుటి టైమ్ మిగలడానికి.

మరి కొలెస్ట్రాల్ సంగతి? ఓట్స్‌లో బీటా గ్లూకాన్ అనే పీచు ఉంటుంది. నీళ్లు తగిలితే జిగురుగా మారేది అదే. పేగుల్లో పిత్తరసంలోని ఆమ్లాలను పట్టుకుని బయటికి తీసుకుపోతుంది. కొత్తగా పిత్తం తయారు చేయడానికి కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ను వాడుకుంటుంది. రోజుకు 3 గ్రాముల లెక్కతో గుండెకు మేలు అని ప్యాకెట్ మీద రాసుకోవడానికి అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1997లో అనుమతిచ్చింది. అయితే నా 40 గ్రాముల గిన్నెలో ఉండేది సుమారు గ్రామున్నర మాత్రమే, అంటే సగం. పూర్తి లెక్క పట్టినా చెడు కొలెస్ట్రాల్ తగ్గేది 5 శాతం ఆ చుట్టుపక్కలే. తర్వాతి పరీక్షలో నా ఎల్‌డీఎల్ 131కి దిగింది, డాక్టర్‌గారు మాత్ర మాట ఎత్తలేదు. ఆ తగ్గుదల మొత్తం ఓట్స్ ఖాతాలో వేస్తే అన్యాయం. బజ్జీలు మానాను, సాయంత్రాలు కొండారెడ్డి బురుజు దాకా నడిచాను, ఆ వాటా వాటికీ ఇవ్వాలి. సీసా చేసిన అసలు మేలు బండి దగ్గరికి వెళ్లే అవసరం లేకుండా చేయడం.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఎవరూ చెప్పని ఒక సంగతి ఉంది. ఒక్కసారిగా పీచు పెరిగితే మొదట్లో కడుపు ఉబ్బుతుంది, గ్యాస్ వస్తుంది. అద్దం వెనక కూర్చుని జనంతో మాట్లాడే ఉద్యోగస్థుడికి అది చిన్న టెన్షన్ కాదు. మొదటి వారం సగం కొలతతో మొదలుపెట్టి, నీళ్లు బాగా తాగితే నెమ్మదిగా సర్దుకుంటుంది.

కరెంటు సంగతి కూడా చూసుకోవాలి. ఎండాకాలంలో రాత్రి పోయిందంటే ఎప్పుడొస్తుందో తెలియదు. తలుపు తెరవకుండా ఉంచితే ఫ్రిజ్ నాలుగు గంటల దాకా చల్లదనం నిలుపుకుంటుంది. అంతకుమించి పోతే ఆ సీసా వాసన చూడడాలు, నాలుక మీద వేసుకోవడాలు పెట్టుకోను, పారేస్తాను. పోయేది గుప్పెడు ఓట్సే.

తిన్న వెంటనే సీసా నిండా నీళ్లు పోసి సింకులో పెట్టేసి వెళ్లండి. అలా వదిలేసి సాయంత్రం వస్తే అంచుల్లో ఆ జిగురు ఎండి గచ్చులా పట్టేస్తుంది, పీచు పెట్టి ఎంత రుద్దినా ఊడదు. వెడల్పు మూతి సీసా కొనుక్కోవడం ఇంకా మేలు. సన్న మూతి సీసాలో చెయ్యి పట్టదు, చెంచా అడుగుకు అందదు.